చేదు లేని వేర్లు

తొమ్మిదో భాగం

పన్నెండు బస్తాల సర్పగంధి వేర్లలో ఒక్క బస్తా మాత్రమే కంపెనీ పరీక్షలో నెగ్గింది. మిగతా పదకొండింటిలో ఉండాల్సిన మందు లేదని విశాఖపట్నం ల్యాబ్ రాసి పంపింది. ఆ వేర్లు పండించినవాళ్ళు పనసగుడ ఆడవాళ్ళు. కాపలా కాసినవాడు గాసి. కొట్టుగది తాళంచెవి వేలాడేది గాసి మొలతాడుకే. అసలు వేర్లు ఎవడికో అమ్మేసి, బస్తాల్లో ఏవో పిచ్చి వేర్లు కుక్కిపెట్టాడని కంపెనీ కొనుగోళ్ళ మేనేజరు జగన్నాథరావు తేల్చేశాడు. పారిపోతాడేమోనని ఆయన అనుమానపడితే, గాసే పొద్దున్నే వెళ్ళి కొట్టుగదిలో బస్తాల మీద కూర్చుని, "గడియేసుకోండి బాబూ, మీకు మనశ్శాంతి" అన్నాడు. గడియ పడింది. ఇక ల్యాబ్ తరఫున ఒక్క సంతకం పడితే, పదకొండు గంటలకి డుంబ్రిగుడ నుంచి పోలీసులొచ్చి గాసిని తీసుకుపోతారు.

ఆ సంతకం పెట్టాల్సిన ల్యాబ్ కెమిస్టు సత్యకుమారి మాత్రం, ఉదయం తొమ్మిది గంటలవేళ, నడిరోడ్డు మీద థింసా ఆడుతోంది.

ఆడక తప్పలేదు. చైత్రమాసం, ఇటుకల పండగ. పండగ రోజుల్లో మగాళ్ళు విల్లంబులు భుజాన వేసుకుని వేటకని అడవికి పోతారు. ఊరూ, దారీ ఆడవాళ్ళవి. రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చే ప్రతి బండినీ ఆపుతారు. పజోరు ఇచ్చినవాడికే దారి. పజోరంటే పండగ కానుక. నోటు ఇవ్వాలా, పాట పాడాలా, ఆట ఆడాలా అన్నది ఆపినవాళ్ళ ఇష్టం.

జగన్నాథరావు కారు కిటికీలోంచి నోటు చాపాడు. బేబి అనే పాతికేళ్ళ పిల్ల దాన్ని అందుకుని కొంగున ముడేసుకుంది గానీ గెడ ఎత్తలేదు.

"ఇది కారుకి బాబూ. మడుసులకి ఏరే."

"ఏరే అంటే?"

"దిగండి. ఒక సుట్టు ఆడండి. బేగి ఒదిలేత్తాం."

"మోకాళ్ళు అరిగిపోయాయి తల్లీ, డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడు."

"మీయి అరిగిపోతే అరిగిపోయాయి. ఈ మేడమ్మవి బానే ఉన్నాయి కదా" అని బేబి సత్యకుమారి చెయ్యి పట్టుకుని కారులోంచి లాగేసింది.

పదిహేను మంది ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని గొలుసు కట్టారు. మధ్యలో సత్యకుమారి. తుడుం మోగింది. కుడికాలు ముందుకి పడాల్సిన చోట ఆమె ఎడంకాలు వెనక్కి వేసింది. గొలుసు మొత్తం ఒక పక్కకి ఒరిగింది.

"ఓలమ్మ, ముందుకెయ్యమంటే ఎనక్కేత్తన్నావేటి. మీ సాలూరు లారీలన్నీ ఇలాగే ఎల్తాయా?"

సత్యకుమారికి నవ్వాగలేదు. వాళ్ళ నాన్న వరహాలరావు సాలూరులో లారీ మెకానిక్కు అని ఈ పిల్లకి ఎవరు చెప్పారో. మనసులో మాత్రం బండరాయిలా ఒకటే మాట. ఇంకో రెండు గంటల్లో, నవ్వుతూ తనని ఆడిస్తున్న ఈ ఆడవాళ్ళ ఊరి మనిషిని దొంగ అని తను రాసివ్వాలి.

* * *

కొట్టుగది ముందు వరండాలో సోములమ్మ చాప పరిచి కూర్చుని ఉంది. యాభై అయిదేళ్ళ మనిషి. కాఫీ తోటల నీడలో సర్పగంధి పెంచే నలభై కుటుంబాల సంఘానికి పెద్ద. జగన్నాథరావుని చూసి లేచి నిలబడింది. దణ్ణం పెట్టలేదు.

గది కిటికీ ఊచల మధ్య నుంచి గాసి మొహం కనిపిస్తోంది. నలభై దాటిన వయసు, ముందు పళ్ళ మధ్య సందు, ఎప్పుడూ నవ్వుకి సిద్ధంగా ఉండే నోరు.

"దణ్ణాలు మేడమ్‌గోరూ. ఈళ్ళకి మీరైనా సెప్పండి. ఏటకెల్లని మగోడి మీద పేడనీల్లు పోత్తామని పొద్దుట్నుంచీ కుండ పట్టుకుని తిరుగుతున్నారు. గదిలో పోత్తే బస్తాలు తడిసిపోతాయి కదా."

"బస్తాల మీద నీకంత ప్రేముంటే ఈ గొడవెందుకొచ్చేదయ్యా" అన్నాడు జగన్నాథరావు. బల్ల మీద కాగితం పరిచి, ఎగిరిపోకుండా తన కళ్ళజోడు పెట్టె బరువు పెట్టాడు. "సత్యకుమారీ, కానివ్వమ్మా. రెండు లైన్లే. 'పరీక్షించిన వేర్లు సర్పగంధి కావు, కొట్టులో ఉండగానే మార్చబడ్డాయి.' కింద సంతకం."

"ఒక్కసారి నేనే చూసి పెడతాను సార్."

"ల్యాబ్ చూసింది కదా."

"ల్యాబుకి మీరు పొడి కొట్టించి పంపారు. వేరుని వేరుగా నేనింకా చూడలేదు."

జగన్నాథరావు చేతిగడియారం వంక చూసుకుని, సరే కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనది మోసం చేసే గుణం కాదు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఒక్క గోనెసంచి కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. అందుకే ఎదుటివాడి మీద అనుమానం వస్తే ఇక వెనక్కి తగ్గడు.

గాసి లోపల్నుంచే ఒక బస్తా మూతి విప్పి, కిటికీలోంచి గుప్పెడు వేర్లు అందించాడు. సత్యకుమారి అరచేతిలోకి తీసుకుంది. ల్యాబులో ఆమె ఎన్నో సర్పగంధి వేర్లు చూసింది. అన్నీ మట్టి రంగు, బూడిద రంగు, ముడతలు పడిన తోలు. ఇవి తెల్లగా, నున్నగా, ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నాయి. పాపం గాసి అనుకుంది. ఇవి ఆ వేర్లు కావు.

అయినా సంచి తెరిచింది. తెల్ల పింగాణీ పళ్ళెం, చిన్న రోలు, చుక్క చుక్కగా పడే యాసిడ్ సీసా. ఒక ముక్క నూరి పళ్ళెంలో పెట్టింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఏటి మేడమ్మా అది?"

"ఈ వేరులో గుండె మందు ఉంటే, ఈ చుక్క పడగానే ఎర్రగా తిరుగుతుంది. కుంకుమలాగా."

"గుండె మందంతే ఏటి?"

"మీ తుడుం కొట్టేవాడికి ఒక్కసారిగా వెర్రెక్కి, దరువు తప్పి, దడదడా ఎలా పడితే అలా వాయిస్తే మీ గొలుసు ఏమవుతుంది?"

"ఇందాక నువ్వొచ్చినప్పుడు అయినట్టే అవుతాది" అంది బేబి. అందరూ ఘొల్లుమన్నారు.

"అదే. గుండెకీ అంతే. దరువు తప్పితే మనిషి కూలబడిపోతాడు. ఈ వేరులోంచి తీసే మందు పేరు అజ్మలీన్. ఇంజెక్షన్‌గా నరంలోకి ఎక్కిస్తే గుండె మళ్ళీ దారిలో పడుతుంది. కొందరికి పైకి ఏమీ లేకుండా గుండెలో జబ్బు దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగి చూడ్డానికి కూడా డాక్టర్లు ఇదే వాడతారు."

చుక్క వేసింది. అందరూ వంగి చూశారు. పొడి కాస్త పసుపుపచ్చగా మారింది. అంతే. ఎరుపు ఆనవాలు లేదు. ఇంకో బస్తా. మళ్ళీ పసుపే. మూడోది తెరిస్తే, అదీ అంతే.

సోములమ్మ ఒక వేరు తీసుకుని పంటి కింద కొరికింది. నములుతూ కాసేపు ఆలోచించింది. ఆమె మొహం పాలిపోయింది.

"సేదు నేదు" అంది మెల్లగా.

సర్పగంధి వేరు నోట పెట్టుకుంటే పూటంతా నాలుక మీద చేదు పోదు. ఆ సంగతి కంపెనీ కన్నా ఆ ఊరికే బాగా తెలుసు.

"ఇంకేం కావాలి?" జగన్నాథరావు పెన్ను మూత తీసి అందించాడు. "మీ సంఘం పెద్దే చెప్పింది."

కిటికీ దగ్గర గాసి నవ్వడం మానేశాడు. "అక్కా, నానేటి సేసానని?" అన్నాడు సోములమ్మతో. సోములమ్మ జవాబు చెప్పలేదు. ఆ మౌనం గాసికి జగన్నాథరావు మాటల కన్నా గట్టిగా తగిలింది. అతను కిటికీ ఊచలు వదిలేసి, బస్తాల మీద కూర్చున్నాడు.

సత్యకుమారి పెన్ను అందుకుంది. కాగితం మీద తన పేరులో మొదటి అక్షరం పెట్టబోతోంది. వరండా చివర బేబి రాగి అంబలి చెంబు కిటికీలోంచి లోపలికి అందిస్తోంది.

"తాగు మావా. దొంగోడికైనా ఆకలేత్తాది కదా."

"సేదుగా ఉండదు కదా?"

"ఎప్పుడో శీతాకాలంలో నాలుగు ముద్దలు సేదెక్కితే ఇప్పటిదాకా గుర్తెట్టుకున్నావేటి."

"నాలుగు ముద్దలా? నెల్లాళ్ళు తిన్నాను. నువ్వు కలిపిందీ సేదే, అక్క కలిపిందీ సేదే. ఊరంతా ఒకటే సేదు."

"నా గుంటడైతే సేత్తో ముద్ద పెడితే ఉమ్మీసేవోడు. సబ్బెట్టి తోమినా వదిల్తేనా ఆ సేదు."

సత్యకుమారి పెన్ను గాలిలో ఆగిపోయింది.

"బేబీ, చేతులకి చేదెందుకు అంటింది?"

"ఏల అంటదు మేడమ్మా? ఈ ఏర్లు గీసీ గీసీ."

"వేర్లకి చేదు లేదు కదా. సోములమ్మ ఇప్పుడేగా కొరికి చూసింది. చేదు లేని వేరు గీస్తే చేతులకి చేదెలా అంటుతుంది?"

బేబి సోములమ్మ వైపు చూసింది.

"గీశారు అంటే, ఏం గీశారు?"

"తొక్క" అంది సోములమ్మ. "పైనున్న తొక్క. నువ్వే కదమ్మా గియ్యమన్నావు."

"నేనా?"

"నువ్వే. డుంబ్రిగుడ సంతరోజు. బల్లెక్కి నిలబడి మైకులో సెప్పావు. మొదటి బస్తాలో మట్టి ఎక్కువుంది, కంపెనీకి మట్టి పనికిరాదు, సంతలో మీరు శొంఠి ఎలా పెడతారో అలా ఉండాలి మీ ఏర్లు, అన్నావు. శొంఠి ఎలా పెడతాం? అల్లం తొక్క గీసి, కడిగి, ఎండబెట్టి తెల్లగా పెడతాం. నీ మాట పోకూడదని నలభై ఇళ్ళోళ్ళం నెల్లాళ్ళు కూకుని గీసాం. ఏలిగోళ్ళు అరిగిపోయాయి."

సత్యకుమారికి ఆ రోజు గుర్తొచ్చింది. మైకు గరగర, ఎదురుగా గుట్టలు పోసిన శొంఠి, తెల్లగా మెరుస్తూ. శుభ్రంగా ఉండాలని చెప్పడానికి కళ్ళెదురుగా అంతకన్నా మంచి ఉదాహరణ కనబడలేదు. పరీక్షలో నెగ్గిన ఆ మొదటి బస్తాకి మట్టి ఒక్కటే లోపం, దాన్ని దులుపుతారనుకుంది. శొంఠి తెల్లబడేది ఎలాగో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. సర్పగంధి వేరులో మందులో ముప్పాతిక పైగా ఉండేది ఆ పై బెరడులోనే అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తనే.

ఆమె గబగబా బస్తాలో చెయ్యి పెట్టి వెతికింది. తెల్లవి, తెల్లవి, అన్నీ తెల్లవే. చివరికి రెండు పాయలుగా చీలిన ఒక వేరు దొరికింది. చీలిక సందులో, కత్తి దూరని చోట, గోరంత బెరడు మిగిలిపోయింది. దాన్ని సూదితో గోకి పళ్ళెంలో పెట్టింది. మొదటి చుక్క పక్కన పడింది. రెండో చుక్క సరిగ్గా పడింది.

గోరంత పొడి కళ్ళముందే ఎర్రబడింది. పసుపు కాదు, నారింజ కాదు. పెళ్ళికూతురి నుదుటి కుంకుమ.

ఎవరో తుడుం మీద ఒక్క దెబ్బ వేశారు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కేక పెట్టారు.

"సార్" అంది సత్యకుమారి. జగన్నాథరావు కేసి తిరిగి నిలబడింది. ఈ మాట అన్నాక తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కానీ కిటికీలో మళ్ళీ గాసి మొహం కనిపిస్తోంది. "ఇవి సర్పగంధి వేర్లే. ఎవరూ మార్చలేదు. మందున్న తొక్క గీయించేసింది నేను. పదకొండు బస్తాలు పాడుచేసింది గాసి కాదు, నేను."

జగన్నాథరావు పళ్ళెం వంక, వేరు వంక, ఆమె వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, పళ్ళెం మరోసారి చూశాడు. ఆ తర్వాత లేచి వెళ్ళి తన చేత్తోనే గడియ తీశాడు.

"గాసీ."

"బాబూ."

"కారులో ఫ్లాస్కుంది. టీ తాగుతావా?"

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన చెప్పిన మొట్టమొదటి క్షమాపణ అది. గాసి దాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. "పంచదార ఎక్కువేసి" అన్నాడు.

సోములమ్మ గాసి దగ్గరికి వెళ్ళింది. అతని భుజం మీద ఒక్క చరుపు చరిచింది. "ఇందాక నాను మాటాడనేదని మనసులో పెట్టుకోకు" అంది.

"పెట్టుకుంతాను. వచ్చే పండగ దాకా పెట్టుకుంతాను. అప్పుడు నువ్వు కోడి కోసి తీసేద్దువు గాని."

అందరూ నవ్వారు. సత్యకుమారికి మాత్రం నవ్వు రాలేదు. సోములమ్మ అది గమనించింది.

"నువ్వు ఏడుపు మొకం పెట్టకు గుంటా. నువ్వు సెప్పావు, మేం సేసాం. సేతులు సేదెక్కుతుంటే ఇదేటి, మందంతా పోతుందేమో అని ఒక్క ముసల్దానికైనా తోచిందా? నాకే తోచనేదు. మా అమ్మ పాము కరిస్తే ఈ తొక్కే నూరి పెట్టీది. ఆలోసించకుండా గీసీసాను, మీ మాట గొప్పదని."

"అవి తర్వాత పంచుకుందురు గాని" అన్నాడు జగన్నాథరావు. ఆయన బుర్ర అప్పుడే లెక్కల్లో పడింది. "మందు తొక్కలో ఉందంటే, తొక్క ఎక్కడుంది? పదకొండు బస్తాల వేర్ల తొక్కంటే తక్కువ కాదు. అది దొరికితే మనం అసలేమీ నష్టపోనట్టే. వేర్ల కన్నా అదే మేలు. ఎక్కడ పోశారు?"

సత్యకుమారికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. నిజమే. మందు ఎక్కడికీ పోలేదు. ఎండిన తొక్క ఏడాదైనా చెడదు.

"పొయ్యనేదు బాబూ. ఎరువు బాబు అట్టుకెళ్ళిపోయాడు" అంది బేబి.

"ఎరువు బాబెవరు?"

"కారేసుకుని వొచ్చాడు. మేం గీత్తంటే సూసాడు. బాగా గియ్యండి, ఇంకా తెల్లగా రావాలి అన్నాడు. తొక్క పారెయ్యకండి, నా తోటకి ఎరువు సేసుకుంతాను అన్నాడు. మూడుసార్లు వొచ్చి బస్తాలకెత్తుకుని ఎల్లాడు. మంచోడే. పిల్లలకి బిస్కెట్లు తెచ్చీవోడు."

"ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి ఎలా ఇచ్చేశారు?"

"తెలియనోడేటి బాబూ. మేడమ్మే పంపిందన్నాడు కదా."

జగన్నాథరావు మెల్లగా సత్యకుమారి వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో ఇందాక గాసిని చూసిన చూపే. తొక్క గీయించింది ఈవిడ. తొక్క పట్టుకెళ్ళినవాడు ఈవిడ పేరు చెప్పాడు.

"నేనెవర్నీ పంపలేదు" అంది సత్యకుమారి.

"పేరు చెప్పాడా?" అడిగాడు జగన్నాథరావు.

"పేరు నేదు గానీ ఫొటో ఉంది" అంది బేబి తాపీగా. "మేం గీత్తన్నప్పుడు స్టేటస్‌కి తీసాను. ఆ బాబు వొద్దొద్దన్నాడు. అయినా తీసీసాను."

ఫోను తెరిచి వేలితో జరుపుతూ పోయింది. కోడిపిల్లలు, కొడుకు, మళ్ళీ కోడిపిల్లలు, పొగమంచులో రోడ్డు. తర్వాత వేర్ల గుట్టల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళ వెనక, రెండు చేతులా రెండు బస్తాలు పట్టుకుని, మొహం పక్కకి తిప్పబోయి పూర్తిగా తిప్పలేకపోయిన ఒక మనిషి. ఊలు టోపీ, సన్నటి మీసం, బంగారు ఫ్రేము కళ్ళజోడు.

సత్యకుమారి ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

మోహన్‌కృష్ణ. ల్యాబ్ పెద్ద. తనకి ఉద్యోగం ఇచ్చినవాడు. పదకొండు బస్తాలూ తప్పాయని రిపోర్టు మీద సంతకం చేసినవాడు. ఘాట్ రోడ్డంటే వాంతులని, నాలుగేళ్ళలో ఒక్కసారైనా అరకు కొండెక్కలేదని చెప్పేవాడు. డిసెంబరులో తను వెళ్ళి శొంఠి ఉదాహరణ గురించి గొప్పగా చెబితే, ఆయన టీ కప్పు కింద పెట్టి, "భేష్, చాలా బాగా చెప్పావు" అని నవ్విన నవ్వు ఇప్పుడు అర్థమైంది. తప్పు ఆరోజే ఆయనకి తెలిసిపోయింది. సరిదిద్దడానికి ఒక్క ఫోను చాలు. ఆయన ఫోను చెయ్యలేదు, కారు తీశాడు.

"ఇతనా?" అన్నాడు జగన్నాథరావు. మొహం ఎర్రబడింది. "నన్ను పొడి కొట్టించి పంపమన్నది ఇతనే. వేర్లు పంపితే ల్యాబులో పురుగు పడుతుందన్నాడు."

సరిగ్గా అప్పుడే సత్యకుమారి సంచిలో ఫోను మోగింది. తీసి చూసి, అందరికీ చూపించింది. తెర మీద పేరు: మోహన్‌కృష్ణ సార్.

"ఎత్తు" అంది సోములమ్మ. ఆమె ఒక వేలు పెదాల మీద పెట్టుకుని ఆడవాళ్ళందరి వైపు చూసింది. తుడుం మీద చేతులు ఆగాయి. గాసి టీ గ్లాసు కూడా చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

సత్యకుమారి స్పీకరు నొక్కింది. రైలు చప్పుడు వరండా అంతా నిండింది.

"సత్యా, ఎక్కడిదాకా వచ్చింది? సంతకం పెట్టావా?"

"మీరు రైల్లో ఉన్నారా సార్?"

"టైడా దాటాం. ఇక అన్నీ సొరంగాలే, లైను పోతూ ఉంటుంది. నేనే వస్తున్నానమ్మా. పాపం ఆ ఆడవాళ్ళు ఏమైపోతారో అని మనసొప్పలేదు. వాళ్ళలో ఒకడు దొంగయితే మాత్రం అందర్నీ..." మాట సొరంగంలో మునిగి, మళ్ళీ తేలింది. "...నాతో ఒకాయన వస్తున్నారు. కంపెనీ వదిలేసినా, వచ్చే ఏడాది పంట ఆయన తీసుకుంటారు. వేర్లు తెల్లగా గీసి ఇస్తే చాలట. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ కాగితం మీద సంతకం పడాలి, అది నేను కళ్ళతో చూడాలి. అది లేకుండా కంపెనీతో సంఘం పాత ఒప్పందం తెగదు. పెట్టావా?"

కాదంటే ఆయన తర్వాతి స్టేషనులోనే దిగిపోతాడు. తొక్క బస్తాలు ఎక్కడ దాచాడో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. చేతిలో మిగిలేది ఒక ఫొటో. ఎరువుకని తీసుకెళ్ళాను, నాకేం తెలుసు అంటాడు.

"సత్యా? వినిపిస్తోందా?"

ఆమె గాసి వైపు చూసింది. గాసి ఆమె వైపే చూస్తున్నాడు. అర్థమైంది అతనికి. తల ఒక్కసారి కిందికీ పైకీ ఊపాడు.

"పెట్టేశాను సార్" అంది. "గాసి గదిలోనే ఉన్నాడు. మీరు రండి."

"మంచి పని చేశావు" అన్న మాట సగంలో సొరంగం మింగేసింది. లైను తెగిపోయింది.

"పెట్టేశానన్నావు. కానీ పెట్టలేదు కదా" అన్నాడు జగన్నాథరావు. "వచ్చీరాగానే కాగితం చూపించమంటాడు. వేరే కాగితం మీద ఏదో గీసి చూపిస్తే ఒక్క చూపులో పట్టేస్తాడు, వాడికి నీ సంతకం రోజూ చూసే అలవాటు."

బల్ల మీద కాగితం అలాగే ఉంది. గాలికి ఒక మూల లేచి పడుతోంది. 'కొట్టులో ఉండగానే మార్చబడ్డాయి.' దాని మీద నిజం సంతకం పడితే అది నిజం కాగితం. గాసిని జైల్లో పెట్టడానికి సరిపోయే కాగితం.

"పెట్టండి మేడమ్‌గోరూ" అన్నాడు గాసి.

"నువ్వు ఆలోచించుకో గాసీ."

"ఆలోసించడానికేటుంది. నలభై ఇళ్ళోళ్ళ ఏలిగోళ్ళు అరిగాయి. ఇంకో గంట దొంగతనం సేసినోడినైపోతే నాకేటి అరిగిపోద్ది? ఆ టీ మాత్రం లోపలికిప్పించండి."

సత్యకుమారి కాగితం మీదికి వంగింది. ఇందాక ఆగిన చోటే పెన్ను పెట్టి, ఈసారి ఆగకుండా పూర్తి పేరు రాసింది. జగన్నాథరావు దాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, జేబు మీద అరచెయ్యి వేసుకున్నాడు. గాసి టీ గ్లాసు పట్టుకుని, చుట్టాలింటికి వెళ్తున్నవాడిలా గదిలోకి నడిచాడు. తలుపు వేసుకున్నది అతనే. గడియ వేసింది సోములమ్మ.

"పదకొండు లోపల ఆడొత్తాడా?" అడిగింది.

"రావాలి" అంది సత్యకుమారి. "పోలీసులు వచ్చే వేళకి ఆయనా ఇక్కడే ఉంటే, ఆయన మాటల్లోనే తొక్క సంగతి బయటికి లాగొచ్చు. అప్పుడు ఈ కాగితం చింపేద్దాం."

జగన్నాథరావు ఫోను మోగింది. ఆయన పక్కకి వెళ్ళి విన్నాడు. "సరే సార్, సరే సార్" అని రెండుసార్లు అన్నాడు. తిరిగి వచ్చేసరికి జేబు మీద చెయ్యి అలాగే ఉంది గానీ, మొహంలో రంగు లేదు.

"ఎస్సై గారు" అన్నాడు. "మధ్యాహ్నం పండగ బందోబస్తుందట. అందుకని ముందే బయల్దేరారు. మన రోడ్డు మలుపు దగ్గరున్నారు. అయిదు నిమిషాల్లో ఇక్కడుంటారు."

రైలు అరకు చేరడానికి ఇంకా గంట ఉంది. ఈలోగా ఎస్సై చేతికి కాగితం ఇస్తే గాసి జైలుకి పోతాడు, ఇవ్వకపోతే సంగతి తెలిసి మోహన్‌కృష్ణ జారిపోతాడు. గడియ వేసిన తలుపు వెనక గాసి టీ ఊదుకుంటూ, గొంతెత్తి పండగ పాట అందుకున్నాడు.